ఇరవై నిమిషాలకొక ఆటో వస్తుంటే సగటున పది నిమిషాలే ఆగాలి కదా, నాకు పదహారు ఎందుకవుతున్నాయి?

ప్రశ్న అడిగినవారు: దేవరకొండ రోడ్డు ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ పట్టణంలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాసే పని చేస్తాను. మా ఊరు దేవరకొండకు పోయే రోడ్డు నుంచి కొంత లోపలికి ఉంటుంది కాబట్టి, ఇంటి నుంచి స్టేజీ దాకా నడిచి వచ్చి, అక్కడ షేర్ ఆటో ఎక్కి పట్టణానికి పోవడం నాకు పన్నెండేళ్లుగా అలవాటు. ఈ ఆటోలకు వేళలంటూ ఏమీ లేవు. వెనుక ఊళ్లలో జనం నిండితే బయలుదేరుతాయి, నిండకపోతే నిండేదాకా ఆగుతాయి. నేను బయలుదేరే వేళకు కూడా నియమం లేదు. దుకాణంలో నా పని ఒక రోజు పొద్దున్నే, మరొక రోజు ఆలస్యంగా మొదలవుతుంది. పైగా బర్రెకు మేత వేసి, పాలు కేంద్రంలో పోసి రావడం ఒక్కో రోజు ఒక్కో తీరుగా తెములుతుంది. అందువల్ల నేను ఏడు నుంచి పదకొండు గంటల మధ్యలో ఏ నిమిషానికైనా స్టేజీకి చేరుకోవచ్చు.

స్టేజీ దగ్గర చాయ్ హోటల్ నడిపే పెద్దాయనతో ఒకసారి ఈ విషయం మీద మాట పెరిగింది. ఆటో కోసం అరగంట ఆగవలసి వస్తున్నదని నేనంటే, ఇరవై నిమిషాలకొకటి తప్పకుండా పోతున్నదని ఆయన అన్నారు. అన్నంతటితో ఊరుకోకుండా, మరునాడు ఏడు గంటలకు పోయిన ఆటో మొదలుకొని పదకొండు గంటలకు పోయిన ఆటో వరకు ప్రతి ఆటో వచ్చిన సమయాన్ని పాత క్యాలెండరు కాగితం వెనుక రాసిపెట్టి నా చేతికిచ్చారు. రెండు ఆటోల మధ్య విరామాలు నిమిషాలలో వరుసగా ఇవి: 4, 46, 9, 15, 38, 3, 27, 12, 41, 6, 31, 8. మొత్తం పన్నెండు విరామాలు, 240 నిమిషాలు. సగటు సరిగ్గా 20. ఆయన మాటే నిజమైంది.

ఆయన లెక్కను నేను కాదనలేను. కానీ ఇరవై నిమిషాలకొక ఆటో ఉన్నచోట ఏదో ఒక వేళకు చేరే మనిషి, ఒక రోజు కొంచెం ఎక్కువ, ఒక రోజు కొంచెం తక్కువ ఆగినా, మొత్తం మీద అందులో సగం, అంటే పది నిమిషాలు ఆగాలి కదా. నా నిరీక్షణ మాత్రం అంతకు చాలా ఎక్కువగా ఉంటున్నది. ఇద్దరం నిజమే చెబుతున్నామని నాకు గట్టి నమ్మకం. అలాంటప్పుడు లెక్కలు ఎందుకు కలవడం లేదో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం: మిర్యాలగూడ వాసి

ఇది లెక్కకు సంబంధించినది కాకపోవచ్చని నా అభిప్రాయం. ఆటో వెంటనే దొరికిన రోజును మనం ఆ సాయంత్రానికే మరచిపోతాం. ఎండలో నలభై నిమిషాలు నిలబడిన రోజు మాత్రం ఏడాది గడిచినా గుర్తుంటుంది. అలా గుర్తున్న రోజులనే మనసు సగటు కడుతుంది కాబట్టి నిరీక్షణ ఎక్కువైనట్లు తోస్తుంది. ఒక నెల రోజులు కాగితం మీద రాసి చూడండి. పదికి దగ్గరగానే వస్తుందని అనుకుంటున్నాను.

దేవరకొండ రోడ్డు ప్రయాణికుడు

మీరు చెప్పింది సబబైన అనుమానమే. నాకూ అదే అనుమానం కలిగింది కాబట్టి, ఈ ప్రశ్న అడగడానికి ముందే జేబు నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. ప్రశ్నలోనే ఆ సంగతి చెప్పవలసింది. పనికి పోయిన 26 రోజులలో, స్టేజీకి చేరిన నిమిషాన్నీ ఆటో ఎక్కిన నిమిషాన్నీ ఫోనులో చూసి రాశాను. ఆగిన సమయం మొత్తం 416 నిమిషాలు, అంటే రోజుకు సగటున 16 నిమిషాలు. జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పిన మాట కాదు. ఆటో నిండుగా వచ్చి ఆగకుండా పోయిన రోజు కూడా వీటిలో ఒక్కటీ లేదు.

సమాధానం: గణితం చెప్పే మాస్టారు, మహబూబ్‌నగర్

మీ ఇద్దరి లెక్కలూ సరైనవే. ఇంత జాగ్రత్తగా రాసిన విరామాల పట్టిక మీ దగ్గర ఉండడం సంతోషం కలిగించింది, ఎందుకంటే జవాబు మొత్తం ఆ క్యాలెండరు కాగితం మీదనే ఉంది.

240 గజాల పొడవున్న పొలాన్ని పక్కపక్కనే పన్నెండు మడులుగా కట్టారనుకోండి. వెడల్పు అన్నింటికీ ఒక్కటే, పొడవులు మాత్రం మీ విరామాల అంకెలే: ఒక మడి 4 గజాలు, దాని పక్కది 46 గజాలు, ఆ తరువాతది 9 గజాలు. గట్టు మీద నిలబడి మడులను లెక్కపెట్టే రైతుకు సగటు మడి 20 గజాలే. ఇప్పుడు పైనుంచి ఒక కొంగ వచ్చి, ఎంచుకోకుండా ఎక్కడో ఒకచోట వాలిందనుకుందాం. అది నాలుగు గజాల మడిలో వాలుతుందా, నలభై ఆరు గజాల మడిలో వాలుతుందా? పెద్ద మడిలో వాలే అవకాశం చిన్నదానికంటే పదకొండున్నర రెట్లు ఎక్కువ. హోటల్ పెద్దాయన గట్టు మీది రైతు, మీరు ఆ కొంగ. ఆయన ప్రతి విరామాన్నీ ఒకసారి లెక్కిస్తున్నారు. మీరు మాత్రం ఏ విరామం పొడవుగా ఉంటే దానిలోనే ఎక్కువసార్లు పడుతున్నారు.

మీ పట్టికలో ఇరవై నిమిషాలకు మించిన విరామాలు ఐదే: 46, 38, 27, 41, 31. వాటి మొత్తం 183 నిమిషాలు. మిగిలిన ఏడు విరామాలు కలిపినా 57 నిమిషాలు దాటవు. విరామాలుగా లెక్కిస్తే పొడవైనవి సగం కంటే తక్కువ. అదే నిమిషాలుగా లెక్కిస్తే నాలుగింట మూడు వంతులకు పైగా ఆ ఐదింటికే చెందుతాయి. కాబట్టి మీరు స్టేజీకి చేరిన నాలుగు రోజులలో మూడు రోజులు పొడవైన విరామంలోనే చిక్కుకుంటారు. ఇందులో మీ దురదృష్టం ఏమీ లేదు.

సగటు నిరీక్షణ ఎంతో కూడా కట్టవచ్చు. 46 నిమిషాల విరామంలో పడిన మనిషి సగటున అందులో సగం, అంటే 23 నిమిషాలు ఆగుతాడు. ఆ విరామంలో పడే అవకాశం 240లో 46 వంతులు. ఇలా ప్రతి విరామానికీ దాని సగాన్ని దానిలో పడే అవకాశంతో హెచ్చించి అన్నింటినీ కలపాలి. తేలికగా చేయాలంటే ప్రతి విరామాన్ని దానితోనే గుణించి, ఆ వర్గాలన్నింటినీ కూడి, విరామాల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే సరిపోతుంది. మీ పన్నెండు అంకెల వర్గాల మొత్తం 7,506. దానిని 480తో భాగిస్తే 15.6 నిమిషాలు వస్తుంది. మీ నోటుబుక్కు చెప్పింది 16. పెద్దాయన రాసింది ఒక్క రోజు లెక్క, మీరు రాసింది 26 రోజుల లెక్క. అయినా రెండూ ఇంత దగ్గరగా రావడం చూసి నేను కలం పక్కన పెట్టి మరొకసారి కూడి చూశాను.

మీరు ఆశించిన పది నిమిషాలు ఒకే ఒక్క సందర్భంలో వస్తుంది. ప్రతి విరామమూ సరిగ్గా ఇరవై నిమిషాలు ఉండాలి. విరామాలు ఒకటి విడిచి ఒకటి పది, ముప్పై నిమిషాలుగా ఉంటే సగటు విరామం ఇరవైగానే ఉన్నా నిరీక్షణ పన్నెండున్నరకు పెరుగుతుంది. ఒకటి, ముప్పైతొమ్మిదిగా ఉంటే పందొమ్మిది అవుతుంది. ఇరవై దగ్గర ఆగుతుందనుకోవద్దు. పదకొండు విరామాలు ఒక్కొక్క నిమిషమై, పన్నెండవది 229 నిమిషాలైతే, అప్పుడు కూడా నాలుగు గంటలలో పన్నెండు ఆటోలే, సగటు విరామం ఇరవై నిమిషాలే. కానీ దారిన వచ్చే మనిషి సగటున 109 నిమిషాలు ఆగాలి. ఆటోలు ఎన్ని అన్నది ఒక్కటే నిరీక్షణను నిర్ణయించదు. అవి ఎంత ఎగుడుదిగుడుగా వస్తున్నాయన్నది కూడా దానితో సమానంగా నిర్ణయిస్తుంది. దీనిని గణితంలో ఇన్‌స్పెక్షన్ పారడాక్స్ అంటారు.

ఇక విరామాలు ఎందుకు ఎగుడుదిగుడు అవుతాయన్నది కూడా చెప్పాలి. ఏదో ఒక కారణాన ఒక ఆటో కొంత వెనుకబడిందంటే, ముందరి స్టేజీలలో దాని కోసం చేరే జనం పెరుగుతారు. వారిని ఎక్కించుకోవడానికి ఇంకొంత సమయం పడుతుంది, అందువల్ల అది మరికొంత వెనుకబడుతుంది. దాని వెనుక వచ్చే ఆటోకు ఎక్కేవారే ఉండరు కాబట్టి ఎక్కడా ఆగకుండా వచ్చి ముందరిదాన్ని అందుకుంటుంది. అరగంట దాకా ఒక్కటీ రాకపోవడం, ఆ తరువాత రెండు ఒకదాని వెంట ఒకటి రావడం మన అందరికీ అనుభవమే. మీ పట్టికలో 46కు ముందు 4, 38 తరువాత 3 ఉండడం గమనించండి.

నమ్మకం కుదరాలంటే ఒక పరీక్ష చేయండి. ఇకమీదట స్టేజీకి చేరగానే, ముందటి ఆటో పోయి ఎంతసేపైందని హోటల్ పెద్దాయనను అడిగి రాసుకోండి. విరామంలో మీరు పడే చోటు ఆదికి దగ్గరగా ఉండడానికి ఎంత అవకాశం ఉందో, చివరకు దగ్గరగా ఉండడానికీ అంతే ఉంది. అందువల్ల గడిచిపోయిన సమయం సగటు కూడా మీ నిరీక్షణ సగటుతో సమానంగా, పదహారు దగ్గరకే రావాలి. రెండూ కలిపితే ముప్పై దాటుతుంది. ఇరవై నిమిషాల సగటున్న రోడ్డు మీద మీరు నిలబడే విరామం సగటున ముప్పై నిమిషాలకు పైమాటే.

సమాధానం: అచ్చంపేట రైతుబిడ్డ

మాస్టారుగారి మడుల పోలిక చదివిన తరువాత ఇంట్లో ఉన్న పల్లికాయ బస్తా ముందు కూర్చున్నాను. విత్తనం కోసం కాయ కొట్టే పని ఎలాగూ ఉంది కాబట్టి, వంద కాయలను తీసి ఒంటి గింజవి, జంట గింజలవి, మూడు గింజలవి వేరువేరు కుప్పలు పోశాను. ఒంటి గింజవి 22, జంట గింజలవి 64, మూడు గింజలవి 14 వచ్చాయి. గింజలు మొత్తం 192, అంటే కాయకు సగటున 1.92.

తరువాత అదే వందను గింజ వైపు నుంచి లెక్కించాను. చేటలో చేయి పెట్టి ఒక గింజను తీసి, నీవు పుట్టిన కాయలో నీతో కలిపి ఎందరున్నారని దానిని అడిగినట్లు అనుకున్నాను. ఒంటి గింజ కాయల నుంచి 22 గింజలు వచ్చి ఒకటి అని చెబుతాయి. జంట గింజల కాయల నుంచి 128 వచ్చి రెండు అంటాయి. మూడు గింజల కాయల నుంచి 42 వచ్చి మూడు అంటాయి. కూడితే 404. దానిని 192తో భాగిస్తే 2.1 వచ్చింది. కాయలను అడిగితే రెండుకు తక్కువ, గింజలను అడిగితే రెండుకు ఎక్కువ. ఎదురుగా ఉన్న కుప్ప మాత్రం ఒక్కటే. తేడా చిన్నదే అయినా, ఆటో లెక్క కంటే ఈ కుప్పలే నాకు విషయాన్ని తేటగా చూపించాయి, ఎందుకంటే ఇక్కడ కాలం లేదు, నిరీక్షణ లేదు. చేతితో తాకగలిగే గింజలే ఉన్నాయి.

నల్లగొండ వైపు బత్తాయి తోటలున్నవారు కూడా దీనిని ఆలోచించవచ్చు. గంపలో నుంచి ఒక కాయను తీసి, ఇది కాసిన చెట్టుకు ఎన్ని కాయలుంటాయని అంచనా కడితే, ఆ అంచనా తోటలోని సగటు చెట్టుది కాదు. ఎక్కువ కాసే చెట్టు కాయలే గంపలో ఎక్కువగా ఉంటాయి. కాయని చెట్టు కాయ గంపలోకి రానే రాదు.

సమాధానం: విశ్రాంత ఉపాధ్యాయుడు, వనపర్తి

ఈ చర్చలో తప్పక తలచుకోవలసిన పేరు ఒకటి ఉంది. అది కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పేరు. సి.ఆర్. రావుగా ప్రపంచానికి తెలిసిన ఆ తెలుగు శాస్త్రవేత్త 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టి, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో దశాబ్దాల పాటు పనిచేశారు. 2023లో, నూట రెండేళ్లు నిండిన వయసులో, గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతిని అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేరున ఒక గణిత, గణాంక పరిశోధన సంస్థ ఉంది.

మనం పరిశీలించే వస్తువు మన చేతికి చిక్కే అవకాశం దాని పరిమాణాన్ని బట్టి మారితే ఆ లెక్కను ఎలా సరిదిద్దాలన్న ప్రశ్నను 1934లో రోనాల్డ్ ఫిషర్ వంశపారంపర్య లక్షణాల అధ్యయనం సందర్భంలో లేవనెత్తారు. దానిని విస్తరించి, ఒక సాధారణ సిద్ధాంతంగా 1965లో నిలబెట్టినవారు రావుగారు. ఆయన చూపిన ఉదాహరణ ఏ బడిలోనైనా చేయదగినంత సులువైనది. మగపిల్లలు మాత్రమే ఉన్న ఒక గుంపును, మీ ఇంట్లో మీతో కలిపి మగపిల్లలు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అని అడిగితే, దేశంలో మగపిల్లలే చాలా ఎక్కువగా పుడుతున్నారేమోనన్నంత తేడా కనిపిస్తుంది. అడిగిన పిల్లల సంఖ్యను మగపిల్లల మొత్తం నుంచి తీసివేస్తే తేడా దాదాపు పోతుంది.

నేను బడిలో ఉన్న రోజులలో ఒక బాలుర వసతిగృహంలో ముప్పై మందిని ఇలాగే అడిగించాను. తమతో కలిపి మగపిల్లలు 62, ఆడపిల్లలు 34 అని తేలింది. పిల్లలు ఆ అంకెలను బల్ల మీద చూసి, ఆడపిల్లలు ఇంత తక్కువా అని కలవరపడ్డారు. 62లో నుంచి ముప్పై తీసివేయమన్నాను. ముప్పైరెండు. ఆ గదిలో ప్రతి ఇంటి నుంచి ఒక మగపిల్లవాడు తప్పనిసరిగా ఉండడం వల్లనే తేడా వచ్చిందని వారే చెప్పారు. నేను వివరించవలసిన అవసరం రాలేదు.

అదే పిల్లలను ఇంటికి ఎందరు సంతానమని అడిగి సగటు కడితే మరొక పొరపాటు దొర్లుతుంది. నాలుగు ఇళ్లలో వరుసగా సున్న, ఒకటి, రెండు, ఐదుగురు పిల్లలున్నారనుకుంటే ఇంటికి సగటు ఇద్దరు. ఆ ఎనిమిది మంది పిల్లలనూ అడిగితే ఒకరు ఒకటనీ, ఇద్దరు రెండనీ, ఐదుగురు ఐదనీ చెబుతారు. సగటు మూడు ముప్పావు అవుతుంది. పిల్లలు లేని ఇంటి తరఫున చెప్పడానికి ఎవరూ లేరు. ఐదుగురున్న ఇల్లు ఐదుసార్లు మాట్లాడింది. ఒకటి నుంచి పదివరకు తరగతులున్న బడిలో తరగతికి ఎందరని ఉపాధ్యాయుడు చెప్పే సగటు, పిల్లలు చెప్పే సగటు కంటే దాదాపు ఎప్పుడూ తక్కువగా ఉండడానికి కారణం కూడా ఇదే.

సమాధానం: ఇల్లిల్లూ తిరిగే ఉద్యోగిని, నారాయణపేట

ఇంటింటి వివరాలు రాసే పనిలో నేను చాలా ఏళ్లు తిరిగాను. పైన చెప్పినవన్నీ పొడవైనది ఎక్కువగా చిక్కే సందర్భాలు. మా పనిలో దీని రెండవ వైపు కనిపిస్తుంది. తలుపు తట్టినప్పుడు దొరికేవారు ఇంట్లో ఎక్కువసేపు ఉండేవారే. పొద్దున్నే కూలికి పోయి చీకటిపడ్డాక వచ్చే మనిషి నా కాగితంలోకి ఎక్కే అవకాశం చాలా తక్కువ. ఎవరి పరిస్థితి తెలుసుకోవడానికి ఊరికి పోయామో వారే దొరకరు.

శిక్షణలో ఒక పెద్దమనిషి చెప్పిన పద్ధతి నాకు ఇప్పటికీ గుర్తుంది. 1949లో పొలిట్జ్, సిమన్స్ అనే ఇద్దరు ప్రచురించిన పద్ధతి అది. సాయంత్రం పోయినప్పుడు దొరికిన మనిషిని, గడిచిన ఐదు సాయంత్రాలలో ఇదే వేళకు ఎన్నిసార్లు ఇంట్లో ఉన్నారని అడగాలి. ఐదుసార్లూ ఉన్నానంటే, ఈ రోజుతో కలిపి ఆరింట ఆరు. ఆ మనిషి జవాబును ఒక్కరిగా లెక్కించాలి. ఒక్కసారీ లేను, ఈ రోజు ఏదో పని పడి ఉన్నానంటే ఆరింట ఒకటి. ఆ ఒక్క జవాబును ఆరుగురి జవాబుగా లెక్కించాలి, ఎందుకంటే అలాంటివారు మరో ఐదుగురు తలుపుకు తాళం వేసి పోయి ఉంటారు. మరొకసారి తిరగకుండానే దొరకనివారి వాటాను ఇలా లెక్కలోకి తేవచ్చు.

అయితే మా పాలమూరు ఊళ్లలో దీనికి ఒక హద్దు ఉందని నేను అనుభవం మీద చెప్పగలను. పంట పని అయిపోగానే ముంబై, పుణె, బెంగళూరు వైపు నెలల తరబడి వలసపోయే కుటుంబం ఆరు సాయంత్రాలలో ఒక్కదానికీ దొరకదు. దొరికే అవకాశమే సున్న అయినప్పుడు దానిని ఏ అంకెతో హెచ్చించినా సున్నాయే. అందుకని నేను తాళం వేసిన ఇంటి పక్కవారిని అడిగి, ఎందరు పోయారు, ఎప్పుడు పోయారు, ముసలివాళ్లను ఎవరి దగ్గర విడిచిపోయారు అన్నది వేరే కాగితం మీద రాసుకునేదాన్ని. ఒక తండాలో ఆ వేరే కాగితమే అసలు కాగితం కంటే నిండుగా వచ్చింది. అక్కడ ఇళ్లలో దొరికిన జవాబులను మాత్రమే సగటు కట్టి పంపి ఉంటే, తండాలో ఉన్నవారంతా అరవై దాటినవారేనని పైవారు అనుకునేవారు.

గణితం చెప్పే మాస్టారు, మహబూబ్‌నగర్

అమ్మా, మీరు చెప్పిన ఆ సున్నా విషయాన్ని ఇకమీదట నా తరగతిలో తప్పకుండా చెబుతాను. లెక్కను సరిదిద్దే సూత్రం ఎంత మంచిదైనా, అసలు చేతికి చిక్కనే చిక్కనివారి విషయంలో అది పనిచేయదు.

ఆటోల దగ్గరకు తిరిగి వస్తే, మెక్సికో దేశంలోని క్వెర్నవాకా నగరపు సంగతి ఒకటి ఉంది. అక్కడ బస్సులు ఒక సంస్థ చేతిలో ఉండేవి కావు. ఎవరి బస్సు వారిది, ఎవరి సంపాదన వారిది. ముందటి బస్సు అప్పుడే పోయి ఉంటే దాని వెనుక పోయినవానికి జనం దొరకరు కాబట్టి, దారిలో కొన్నిచోట్ల మనుషులు నిలబడి ప్రతి బస్సు పోయిన వేళను రాసి, వెనుక వచ్చే డ్రైవరుకు చెప్పేవారు. ముందటిది ఇప్పుడే పోయిందంటే డ్రైవరు నెమ్మదించేవాడు. పోయి చాలాసేపైందంటే తొందరపడేవాడు. మిలాన్ క్రబాలెక్, పెటర్ షెబా అనే ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు ఆ బస్సుల విరామాలను తీసుకొని పరిశీలించి 2000 సంవత్సరంలో ప్రచురించారు. బరువైన పరమాణు కేంద్రకాలలో శక్తి స్థాయిల మధ్య ఎడాలను వర్ణించడానికి భౌతిక శాస్త్రంలో వాడే గణితమే ఆ బస్సుల విరామాలకు కూడా సరిపోయింది. రెండింటిలోనూ పక్కపక్కనున్నవి ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటాయి. అందువల్ల రెండు బస్సులు జంటగా రావడం అక్కడ అరుదు. వేళల పట్టిక లేదు, పైన ఆజ్ఞాపించే అధికారి లేడు. ముందటిది ఎప్పుడు పోయిందన్న ఒక్క సమాచారం మాత్రమే ఉంది.

దేవరకొండ రోడ్డు ప్రయాణికుడు

అందరికీ కృతజ్ఞతలు. కొన్ని వారాలు ఆలస్యంగా రాస్తున్నాను, ఎందుకంటే మాస్టారుగారు చెప్పిన పరీక్ష పూర్తిచేసి రాయాలనుకున్నాను. పద్నాలుగు రోజులు, చేరగానే ముందటి ఆటో పోయి ఎంతసేపైందో హోటల్ పెద్దాయనను అడిగి రాసుకున్నాను. గడిచిపోయిన సమయం సగటున 15 నిమిషాలు, నేను ఆగిన సమయం సగటున 17 నిమిషాలు. రెండూ కలిపితే 32. నేను నిలబడిన విరామాలు ముప్పై దాటుతాయన్న మాట అక్షరాలా నిజమైంది.

క్వెర్నవాకా సంగతిని పెద్దాయనకు చదివి వినిపించాను. ఆయన మనవడి పాత పలక ఒకటి తెచ్చి, హోటల్ ముందరి వేపచెట్టుకు రోడ్డు వైపు తిప్పి కట్టారు. ఆటో పోగానే ఆ వేళను సుద్దముక్కతో రాస్తారు, ముందటిదాన్ని తడిబట్టతో తుడిచేస్తారు. మొదటి రెండు రోజులు డ్రైవర్లు పట్టించుకోలేదు. తరువాత ఒకరిద్దరు ఆటో ఆపకుండానే తల వంచి చూసి పోవడం మొదలైంది. ఇప్పుడు కొందరు పలకను చూసి, ముందటిది అప్పుడే పోయిందని తెలిస్తే దిగి చాయ్ తాగి పోతున్నారు. పెద్దాయనకు ఆ చాయ్ బేరం అదనం.

గడిచిన మంగళవారం ఆయన మళ్లీ ఏడు నుంచి పదకొండు దాకా వేళలు రాసి ఇచ్చారు. విరామాలు ఇవి: 14, 22, 31, 9, 25, 18, 27, 12, 20, 35, 11, 16. మొత్తం 240, సగటు 20. ఆటోలు ఒక్కటి కూడా పెరగలేదు. మాస్టారుగారి పద్ధతిలో వర్గాలు కట్టి కూడితే 5,546 వచ్చింది. 480తో భాగిస్తే పదకొండున్నర నిమిషాలు. ఇది ఒక్క రోజు లెక్క మాత్రమేనని నాకు తెలుసు. ఇంకో 26 రోజుల నోటుబుక్కు నిన్న మొదలుపెట్టాను. నిన్న తొమ్మిది నిమిషాలు ఆగాను, ఈ రోజు పద్నాలుగు.